లావు పుస్తకం, సన్న పుస్తకం

మా పాలిటెక్నిక్ లైబ్రరీలో పాత పుస్తకాలు తీసేస్తున్నారు. బీరువాలు చాలడం లేదని, పిల్లలు ఎటూ ఫోన్లలోనే చదువుతున్నారని, కాలం చెల్లినవన్నీ ఒక మూలకు కుప్ప పోశారు. ఏది ఉంచాలో ఏది పోవాలో చూసి సంతకం పెట్టే పని ఎలక్ట్రికల్ విభాగం తరఫున నా నెత్తిన పడింది. ఇలాంటివి నా నెత్తినే పడతాయి. కాదనే ఓపిక కూడా ఈ మధ్య తగ్గింది కాబట్టి కుర్చీ లాక్కుని ఆ దుమ్ములో కూర్చున్నాను. కుప్పలో చేతికి ఒక సన్నటి పుస్తకం తగిలింది. ఐటీఐ పిల్లల కోసం తెలుగులో రాసింది. వైరింగు పని, ఫ్యూజు కట్టడం, బ్యాటరీల సంగతి. అట్ట ఊడిపోయింది కానీ మొదటి పేజీ ఉంది. షాకు కొట్టిన మనిషిని ఎలా విడిపించాలో అంకెలు వేసి వరుసగా చెప్పిన పేజీ. అది చదివాక చాలాసేపు ఏ సంతకమూ పెట్టబుద్ధి కాలేదు.

ఏటా మొదటి వారంలో క్లాసులో ఎవరో ఒకరు లేచి, "మేడం, బేసిక్స్‌కు ఏ బుక్ కొనాలి?" అని అడుగుతారు. నేను బోర్డు మీద ఒక పేరు రాసి, వెనక్కి తిరగకుండానే పాఠం మొదలుపెడతాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు లేదని వాళ్ళకు తెలియదు. మనసు పెట్టి ఒక మనిషి కోసం నేను పుస్తకం ఎంచింది ఒక్కసారే. ఆ మనిషి మా అమ్మ.

మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న వాకిలి, వెనక నీళ్ళ తొట్టి. బాపు గనిలో బొగ్గు నింపే పని చేసేవాడు. నేను పదో తరగతి రాసిన ఎండాకాలంలో కామెర్లు ముదిరి పోయాడు. ఆయన ఉద్యోగం అమ్మకు ఇచ్చారు. అప్పట్లో ఆడవాళ్ళను గని లోపలికి దింపేవాళ్ళు కాదు, పైనే పని. అమ్మది సామాన్లు నిల్వ చేసే యార్డు. ఇసుక సంచులు, కర్ర దుంగలు, ఇనుప ముక్కలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మొయ్యాలి. మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూర్చునేది. ఆమె కూర్చోవడం ఒక పెద్ద పని. ముందు గోడ పట్టుకునేది, తర్వాత మోకాలు పట్టుకునేది, ఆఖరికి "అవ్వా" అంటూ కిందికి దిగేది.

ఆ పిలిచే అవ్వ బాపు తల్లి. కొడుకు పోయినా కోడలి దగ్గరే ఉండిపోయింది. సాయంత్రం సిగిడి, అదే బొగ్గుల కుంపటి, ముట్టించడం ఆమె పని, ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. రెండు బొగ్గు గడ్డలు ఒకదానితో ఒకటి తట్టి, ఆ చప్పుడును బట్టి ఏది మండుతుందో ఏది ఉత్త రాయో చెప్పేది. ఆ వేళకు అన్ని ఇళ్ళ ముందూ సిగిడీలు పొగ కక్కుతూ ఉండేవి. పొగ పోయి ఎర్రగా నిప్పయ్యాకే లోపలికి తెచ్చేవాళ్ళు. ఆ పొగ వాసన ఆరేసిన బట్టలకు, మా జడలకు, అన్నానికి కూడా పట్టేది. వేరే ఊరికి పోతే మా ఒంటి మీది వాసనను బట్టి మేము ఎక్కడివాళ్ళమో చెప్పేవాళ్ళు. సిగిడి మీద కాచిన ఆముదం అవ్వ కోడలి నడుముకు రాస్తూ, "గీ నడుము ఇంకెన్నేండ్లు మోస్తదే కనకా" అనేది.

లాంపు రూములో పనిచేసే ఓదెలు కాక మాకు రెండిళ్ళ అవతల ఉండేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే లైటు, నడుముకు కట్టుకునే బ్యాటరీ తీసుకునే చోటు అది. షిఫ్టు అయ్యాక వాటిని తిరిగిచ్చేదీ అక్కడే. తెచ్చిన బ్యాటరీలను ఛార్జింగు పెట్టడం, వాటిలో నీళ్ళు పొయ్యడం, తెగిన వైర్లు అతకడం ఆయన పని. బ్యాటరీ యాసిడ్ పడి ఆయన చొక్కాలన్నిటికీ చిన్న చిన్న చిల్లులు ఉండేవి. కొత్త చొక్కా వేసుకుంటే మేమే గుర్తుపట్టేవాళ్ళం కాదు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక సాయంత్రం ఆయన వచ్చి మా వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు.

"చెల్లె, లాంపు రూముల ఇద్దరు హెల్పర్లను తీసుకుంటున్నరు. మన గని మీద పనిచేసేటోళ్ళకే. కరెంటు మీద రాత పరీక్ష ఉంటదట. నువ్వు పదో తరగతి పాసైతివి గదా, రాయరాదు?"

"నాకేం వస్తదన్నా? ఇంట్ల బల్బు పోతేనే నిన్ను పిలుస్తం."

"సదివితే వస్తది. నీడపట్టున కూసుండి చేసే పని. నీ నడుము దక్కుతది. మళ్ళ నలభై దాటినోళ్ళను రాయనియ్యరట. నీకెన్నేండ్లు?"

"ముప్పై తొమ్మిది."

"మరింకెప్పుడు రాస్తవ్?"

అమ్మ అవ్వ దిక్కు చూసింది. అవ్వ సిగిడి ఊదుతూ తల ఎత్తకుండానే, "రాస్తది" అంది.

పోయేముందు ఓదెలు కాక పుస్తకం సంగతి చెప్పాడు. "ఏ పుస్తకమన్న తెచ్చుకో గని మొదటి పేజీ చూసి తెచ్చుకో. పాణం ఎట్ల కాపాడుకోవాల్నో ముందుగాల చెప్పిందే మన పుస్తకం. మిగిలినయన్ని సార్ల పుస్తకాలు." గని మనుషుల పద్ధతి అది. వాళ్ళకు ఏ పని నేర్పినా, ఆ పనిలో మనిషి ఎట్లా పోతాడో ముందు చెప్పి, తర్వాతే పనిముట్టు చేతికిస్తారు. నాకు ఆ మాట వినగానే నవ్వొచ్చింది. పుస్తకాన్ని మొదటి పేజీ చూసి కొంటారా ఎవరైనా అనుకున్నాను. పదిహేడేళ్ళ వయసులో నాకు తెలియని విషయం లేదు మరి.

ఆదివారం అమ్మా నేనూ చౌరస్తా దగ్గరి పుస్తకాల దుకాణానికి పోయాం. దుకాణం ఆయన రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కాలేజీ పిల్లల తెలుగు పుస్తకం. అందులో మొదటి పేజీలోనే పాతకాలపు వాళ్ళు రాళ్ళూ బొచ్చూ రుద్ది కరెంటు ఎట్లా కనుక్కున్నారో ఉంది. అమ్మ వేలు పెట్టి రెండు లైన్లు చదివి పక్కకు పెట్టింది. రెండోది ఐటీఐ పుస్తకం, సన్నది. చూపడానికి ఉంచిన ఆ ఒక్క ప్రతి కుట్లు ఊడి, సగం పేజీలు లేక, చేతిలో పట్టుకుంటే జారిపోతోంది. అమ్మ దాని మొదటి పేజీ పైకి చదివింది. షాకు కొట్టిన మనిషిని ముట్టుకోవద్దు, ముందు మెయిన్ బంద్ చెయ్యాలి, అది చేతికి అందకపోతే ఎండిన కర్రతో విడిపించాలి. బడిపిల్లలా గొంతు పెట్టి, వేలు జరుపుకుంటూ, పేజీ ఆఖరుదాకా చదివింది. చదివి, "గిదే" అంది. మంచి ప్రతులు సోమవారానికి కరీంనగర్ నుంచి వస్తాయని దుకాణం ఆయన చెప్పాడు. కాలేజీ నుంచి వస్తూ నేను తెస్తానన్నాను.

సోమవారం పోయాను. వచ్చాయి. తాడు కట్టిన కట్టలో నాలుగో అయిదో ఉన్నాయి. నేను వాటిని చూసి, ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను.

ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. పదో తరగతి అయ్యాక నాకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది, దూరపు ఊళ్ళో. అది వచ్చేనాటికి బాపు పోయి నెల కూడా కాలేదు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. ఇక్కడే జూనియర్ కాలేజీలో చేరాను. ఆఫీసర్ల కాలనీలో ఒక ఇంజనీరుగారి ఇంటికి వాళ్ళ చిన్నపాపకు తెలుగు చెప్పడానికి పోయేదాన్ని. వాళ్ళు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లో, ఇంజనీరింగు చదివే పెద్దబ్బాయి వదిలిపోయిన ఒక లావు ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఎలక్ట్రికల్ మొదటి పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. పాప రాసుకుంటున్నంతసేపూ నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పేదాన్ని. ఇంటికి అడిగి తెచ్చుకోవాలని ఏడాది పాటు అనుకున్నాను. నాకోసం అని అడిగే నోరు లేదు. సీటు వదులుకున్న పిల్లకు ఈ పుస్తకం దేనికని అంటారేమోనని భయం. అమ్మ పరీక్ష అంటే ఎవరు కాదంటారు?

ఆ సోమవారం సాయంత్రమే అడిగాను. ఇంజనీరుగారి భార్య ఆశ్చర్యపోయింది. "ఇంత లావు పుస్తకం మీ అమ్మగారికి దేనికమ్మా?"

"పరీక్ష ఉందాంటీ. లాంపు రూముకు."

"అలాగా. పాపం, ఈ వయసులో. సరే, ఆవిడ పరీక్ష అయ్యేదాకా ఉంచుకో. అవగానే తెచ్చిచ్చేసెయ్యి, మావాడు వస్తే అడుగుతాడు."

ఇంటికి వచ్చి అమ్మతో, "ఆ సన్నవి రాలేదట. అసలు ఇక రావట" అన్నాను. "దీంట్లో అన్నీ ఉన్నాయి. పరీక్ష పెట్టే సార్లు చదివింది కూడా ఇదే." అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. అమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కుని, అప్పుడు ఆ పుస్తకం అందుకుంది. రెండు చేతులతో బరువు చూసి, "మస్తు పెద్దగున్నది బిడ్డా" అంది.

మూడు నెలలు చదివాం. సాయంత్రం సిగిడి లోపలికి వచ్చేదాకా వాకిట్లో గోనెసంచి మీద కూర్చునేవాళ్ళం. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేదాన్ని, అమ్మ వినేది. చెప్పడం అంటే నాకు ఎంత ఇష్టమో ఆ వాకిట్లోనే తెలిసింది. రాత్రి చదివి, మర్నాడు అమ్మకు ఎట్లా చెప్పాలో నడుస్తూ అనుకునేదాన్ని. తీగలు కలిసే చోటికి ఎంత కరెంటు వస్తే అంతా బయటికి పోవాల్సిందే అనే సూత్రం చెప్పిన రోజు అమ్మ నవ్వింది. "గంతేనా? పొద్దుగాల ఎన్ని లైట్లు గనిల దిగుతయో షిఫ్టు అయినంక గన్ని ఎక్కాలె. ఒక్కటి తక్కువైతే ఓదెలన్న ఇంటికి పోడు." ఆ మాటకు నేను ఎగిరి గంతేశాను. చూశావా, లావు పుస్తకం అమ్మకు అర్థమవుతోంది, నేను చేసింది తప్పు కాదు అనుకున్నాను.

అమ్మ అడిగేవి మాత్రం వేరే ఉండేవి. "బ్యాటరీల నీళ్ళు ఎంత దాక పొయ్యాలె?" "ఛార్జింగు ఎక్కువైతే ఎట్ల తెలుస్తది?" "ఫీజు పోతె అదే సైజు తీగె ఎందుకెయ్యాలె?" లావు పుస్తకంలో అవి ఎక్కడో చివర ఉన్నాయి, కొన్ని అసలు లేవు. "అది తర్వాత వస్తది" అనేదాన్ని. ఆమె తల ఊపేది. తర్వాత అన్నది రాకముందే పరీక్ష వచ్చింది.

పరీక్ష రోజు అమ్మ పెళ్ళికి పోయినట్టు తయారైంది. మధ్యాహ్నం తిరిగొచ్చి, గోడ పట్టుకుని, మోకాలు పట్టుకుని, గడప మీద కూర్చుంది. అవ్వ మంచినీళ్ళు ఇచ్చి, "ఎట్ల రాసినవ్?" అని అడిగింది.

"ఏమో అవ్వా. బ్యాటరీ నీళ్ళు, ఛార్జింగు, ఫీజులు, అన్ని గవే అడిగిండ్రు. ఒక్కటి మాత్రం మంచిగ రాసిన. షాకు కొట్టినోన్ని ఎట్ల విడిపియ్యాలె అని. దుకాణంల సదివింది యాదికున్నది."

నేను ఇంటి వెనక్కి పోయి నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డాను. పది రోజులకు గని ఆఫీసు ముందు పేర్లు అతికించారు, అమ్మ పేరు లేదు. ఓదెలు కాక వచ్చి బాధపడ్డాడు. అన్నీ ఆ ఐటీఐ పుస్తకంలోవే ఇచ్చారని చెప్పి, "ఏంది చెల్లె, గా సన్న పుస్తకం సదవలేదా?" అని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "దొరకలే అన్నా" అంది.

లావు పుస్తకం ఆ వారమే తిరిగిచ్చేశాను. అప్పటికి నాలుగు నోటు పుస్తకాల నిండా రాసుకున్నాను. ఆ తర్వాతి కథ చెప్పుకోదగ్గదే. ఎంట్రెన్సు రాశాను, ఇంజనీరింగులో ఎలక్ట్రికల్ వచ్చింది, ఈసారి హాస్టల్‌కు పంపారు, చదువు అయిపోగానే పాలిటెక్నిక్‌లో ఉద్యోగం. మా క్వార్టర్లలో నన్ను చూపించి పిల్లలకు బుద్ధి చెప్పేవాళ్ళు. అమ్మ మాత్రం ఆ యార్డులోనే ఇసుక సంచులు మోసింది. నలభై దాటింది కాబట్టి ఇంకో పరీక్ష అన్న మాటే లేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె గడప మీద కూర్చునే తీరు చూసేదాన్ని. ప్రతిసారీ దిగడానికి ఇంకొంచెం ఎక్కువసేపు పట్టేది. ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని, బస్సెక్కేదాన్ని.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. ఓపెన్‌కాస్ట్ గని తవ్వడానికి ఖాళీ చేయించారు, మా వాకిలి ఉన్న చోట మట్టి గుట్ట ఉంది. టోపీ లైట్లు అరచేతిలో పట్టేంత అయ్యాయి, వాటిలో నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఎవరి చొక్కాకూ చిల్లులు పడవు. పుస్తకాలకైతే కరువే లేదు. నా క్లాసులో ఒక్కో పిల్లవాడి ఫోన్లో వంద పుస్తకాలు ఉంటాయి, ఒక్కదాని మొదటి పేజీ చదివినవాడు కనబడడు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామనుకుంటాను కానీ, ఆ కోపానికి కూడా ఓపిక కావాలి. అప్పుడు మాకు దొరికేవే రెండు మూడు, వాటిలో ఒకటి ఎంచడానికి ఇంత కథ నడిచింది. అది మంచి కాలమని నేను అనను. ఆ కాలంలో మా అమ్మ నడుము పోయింది.

నిజంగానే పోయింది. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, యాభై నిండీ నిండకముందే, డాక్టర్లు ఆమె పనికి పనికిరాదని రాసిచ్చారు. నేను సెలవు పెట్టి రామగుండంలో రైలు దిగి దవాఖానకు పోయాను. కాగితం తీసుకుని ఆటోలో ఇంటికి వస్తుంటే, చౌరస్తాలో సంబరాలకు చల్లిన గులాలు ఇంకా రోడ్డు మీదే ఉంది. అవ్వ అప్పటికి లేదు. ఇంట్లో మేమిద్దరమే. అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, ఆ కాగితాన్ని మళ్ళీ ఒకసారి చదివాను. నడుము ఎముకల పేర్లు ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. ఇక నావల్ల కాలేదు.

"అమ్మా, ఆ సన్న పుస్తకం దుకాణంలో వచ్చి ఉండె. నేను చూసి కూడా తేలేదు. నీకు అబద్ధం చెప్పిన."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎర్కే" అంది.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? తెల్లారి డ్యూటీ దిగి నేనే పోయిన, వచ్చినయా లేవా అని. దుకాణమాయన కట్ట విప్పి నా చేతికిచ్చిండు. మంచి పుస్తకం. అన్ని పేజీలున్నయ్. జరసేపు చూసి మళ్ళ ఆడనే పెట్టి వచ్చిన."

"మరి కొనకపోతివి? ఎందుకమ్మా?"

ఆమె నన్ను, పాఠం ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాని పిల్లను చూసినట్టు చూసింది. "కొంటే ఇంటికి తేవాలె గదా. అది ఇంట్లకొస్తే గా పెద్ద పుస్తకం నాకెందుకు? వాపసియ్యాలె. అంత ఇష్టంగ ఒళ్ళ వెట్టుకుని కూసుంటుంటివి. బాపు పోయినంక నువ్వు గట్ల మాట్లాడుడు నేను గప్పుడే చూసిన." నేను ఏడుస్తున్నది చూసి విసుక్కుంది. "ఊకో ఇగ. నడుము నొప్పి ఎవలకన్న వస్తది బిడ్డా."

ఆ లావు పుస్తకాన్ని ఎంచింది నేనేనని పదకొండేళ్ళు అనుకున్నాను.